కౌజు పిట్ట ప్రకరణం

చినగరువు,
హేవిళంబి సంవత్సరం, కార్తిక బహుళ దశమి

పూజ్యులైన అన్నయ్యగారికి,

చెల్లెలు రామతులసి నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం కులాసా. మీ మేనల్లుడు చంద్రరాజుకి పదిహేనో ఏడు వచ్చింది. మీసం మొలిచిందో లేదోనని రోజూ బిందెలో నీళ్ళలోకి వంగి చూసుకుంటున్నాడు. పాపాయి వదినకి కాలి నొప్పి తగ్గిందా? చిన్నమ్మాయి బడికి వెళుతోందా?

మీరు రాజమండ్రి నుంచి పంపిన కాగితాల కట్ట అందింది. "ఎంతసేపూ ఊరగాయల కబుర్లే రాస్తావేంటి, ఇప్పుడు అందరూ నవలలు రాస్తున్నారు, నువ్వూ ఒకటి రాయి" అన్నారు కదా. మొదలుపెట్టాను. మొదటి ప్రకరణం ఇందులో ఉంది. మీ బావగారిని అడిగే రాశాను. ఈ ఇంటి నుంచి బయటికి వెళ్ళే నా ప్రతి కాగితమూ ఆయనే చదివి, మడిచి, లక్క వేసి పంపుతారని మీకు తెలుసు. "ముగ్గు పెట్టుకున్నట్టే కదా, రాసుకో" అన్నారు.

నవల ఒక ఘోషా ఇంటి కోడలి గురించి. నాకు తెలిసింది అదే. పదమూడో ఏట పరదా బండిలో ఈ ఇంటికి వచ్చాను, పదిహేడేళ్ళయింది. వీధి ఎలా ఉంటుందో నాకు తెలియదు. నా గదికి ఉన్న ఒక్క కిటికీ పశువులశాల వైపు ఉంది. అందుకని నా నవలలో మనుషుల కంటే పశువులూ పక్షులూ ఎక్కువ ఉంటాయి. తప్పు పట్టకండి.

మొదటి ప్రకరణంలో ఒక బర్రె. దాని దూడ చచ్చిపోయింది. దూడ లేకపోతే పాలు చేపదు కదా, అందుకని చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి, నాలుగు కర్రలు గుచ్చి ఎదురుగా నిలబెట్టారు. బర్రె ఆ గడ్డిదూడని నాకుతూ పాలిస్తోంది. కిటికీ దగ్గర నిలబడ్డ కోడలు, 'దీనికి తెలియదా?' అని పనిమనిషిని అడుగుతుంది. 'ఎందుకు తెలీదమ్మా, తెలుసు. అయినా నాకుద్ది' అంటుంది పనిమనిషి. అక్కడితో ప్రకరణం అయిపోతుంది.

కోడలికి పేరు పెట్టలేదు. మా ఇళ్ళలో కోడళ్ళని పేరు పెట్టి ఎవరు పిలుస్తారు గనక!

బాగుందో లేదో మొహమాటం లేకుండా రాయండి.

ఇట్లు, మీ దగ్గరే ఓనమాలు దిద్దుకున్న
రామతులసి

(అడుగున వేరే దస్తూరి: బావగారికి జగ్గరాజు నమస్కారాలు. మీ చెల్లెలి కథలో బర్రె ఉంది గానీ పాడి మాత్రం ఎక్కడా కనపడలేదండి.)


రాజమహేంద్రవరం,
3-12-1897

చిరంజీవి రామతులసికి,

బంగార్రాజు ఆశీర్వదించి రాసేది. నీ ప్రకరణం చేరిన రోజునే మా సాహిత్య సమాజంలో చదివాను. నీ పేరు చెప్పలేదులే, కంగారు పడకు. 'మా బంధువుల్లో ఒకరు' అన్నాను. నలుగురూ మెచ్చుకున్నారు. మా చెల్లెలు గనక నేను కొంచెం ఎక్కువ మెచ్చుకున్నాను.

ఇప్పుడు మేష్టారి మాట విను. ఘోషా స్త్రీ గురించి నవల రాయడం మంచి ఆలోచన. కానీ నాయిక పక్కన బర్రె ఏంటమ్మా? నాయిక అన్నాక పంజరంలో రామచిలక ఉండాలి. లేకపోతే లేడి. హంసైనా ఫరవాలేదు. జంతువుని తెచ్చి మనిషి మనసుని చూపించే పద్ధతి మంచిదే, అయితే ఆ జంతువుకి ఒక అందం ఉండాలి. చచ్చిన దూడ తోలూ గడ్డీ చదువుతుంటే మా సమాజం కార్యదర్శిగారు కాఫీ పక్కన పెట్టేశారు. ఆయన కాఫీ వదలడం నేను చూడటం అదే మొదటిసారి.

నీ కాగితాలు చిన్నమ్మాయి శుభ్రమైన ప్రతి రాస్తోంది. దాని దస్తూరి నా దస్తూరి కంటే బాగుంటుంది. బడిలో నాలుగో తరగతి. మొన్న పరీక్షలో మొదటిది వచ్చిందని దొరసానిగారు ఒక పుస్తకం బహుమతి ఇచ్చారు. అప్పటి నుంచి ఇంట్లో దాన్ని పట్టలేకపోతున్నాం. 'బర్రెకి తెలిసీ ఎందుకు నాకింది నాన్నగారూ?' అని నన్ను చంపుకు తింటోంది. మీ అత్తయ్యనే అడుగు అన్నాను.

బావగారు ఇది చదువుతారు గనక వారికి నా నమస్కారాలు. పాడి ముందు ముందు వస్తుందని మనవి.

బర్రెని మార్చమని మళ్ళీ చెబుతున్నాను.

నీ మేలు కోరే
బంగార్రాజు


చినగరువు,
పుష్య శుద్ధ పంచమి

పూజ్యులైన అన్నయ్యగారికి,

నమస్కారాలు. ఈ ఉత్తరం మా అత్తగారు పక్కన కూర్చుని చెబుతుంటే రాస్తున్నాను. మన చిన్నమ్మాయిని చంద్రరాజుకి చేసుకోవాలని ఇక్కడ అందరి కోరిక. మేనరికం కలిసివస్తుంది. పిల్లకి పదేళ్ళు నిండాయి, వైశాఖంలో చేసేస్తే బాగుంటుంది. మేనత్త ఇంటికే వస్తుంది గనక దానికి ఏ బెంగా ఉండదు. ఈ ఇంట్లో కోడళ్ళని ఎంత బాగా చూసుకుంటారో నన్ను చూస్తే తెలుస్తుంది. తిండికీ బట్టకీ ఏ లోటూ లేదు. చదువు ఇప్పటికి వచ్చిన మట్టుకు చాలు. నా కోరిక కూడా ఇదే అని రాయమన్నారు, రాశాను.

అత్తగారు పూజకి లేచారు. ఇక నవల సంగతి.

నాలుగు ప్రకరణాలు పంపుతున్నాను. మొదటి మూడూ మీ ఇష్టం వచ్చినట్టు దిద్దుకోండి. అయిదో ప్రకరణం మాత్రం మూడుసార్లు చదవండి. ఒక్క అక్షరం మార్చకండి.

మీకు తెలియకపోవచ్చు, కౌజు పిట్టల్ని పట్టడానికి దీమం పెడతారు. అంటే ఒక పిట్టని చిన్నప్పుడే పట్టి, గూట్లో ఒంటరిగా పెంచి, దాన్ని పొలంలో పెట్టి చుట్టూ ఉచ్చులు పరుస్తారు. ఆ పిట్ట కూస్తుంది. తన జాతి గొంతు విని బయటి పిట్టలు వచ్చి ఉచ్చులో పడతాయి. మా పాలేరు ఒకడు పెంచుతున్నాడు, కిటికీలోంచి రోజూ చూస్తున్నాను.

నా ప్రకరణంలో దీమపు పిట్టని గట్టు మీద పెట్టారు. అది కూసింది. దూరం నుంచి గుంపు వస్తోంది. అన్నిటికంటే ముందు ఒక పిల్ల పిట్ట, రెక్కలు ఇంకా సరిగ్గా రానిది, గెంతుకుంటూ వస్తోంది. గూట్లో పిట్ట దాన్ని చూసింది. చూసి నోరు మూసుకుంది. వేటగాడు పుల్ల పెట్టి పొడిచాడు. కూయలేదు. మళ్ళీ పొడిచాడు. కూయలేదు. గుంపు అక్కడే ఆగిపోయింది.

చిన్నమ్మాయి ప్రతి రాసేటప్పుడు ఈ ప్రకరణం మీరు దాని పక్కన కూర్చుని చదవండి. ఆడబిడ్డగా వదిన మీద ఉన్న చనువుతో అడుగుతున్నాను, పాపాయి వదినకి కూడా చదివి వినిపించండి.

ఎదురుచూస్తూ
రామతులసి


రాజమహేంద్రవరం,
14-1-1898

చిరంజీవి సౌభాగ్యవతి రామతులసికి,

నీ ఉత్తరం చూసి నేనూ పాపాయీ పడ్డ సంతోషం ఏమని రాయను! ఈ సంబంధం నా మనసులో ఎప్పటి నుంచో ఉంది. ఆడపిల్ల తండ్రిని గదా, నేనే నోరు విప్పితే బాగుండదని ఊరుకున్నాను. నువ్వే అడిగావు. ఇంకెవరింటికైనా అయితే చిన్నమ్మాయిని బడి మాన్పించడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. నీ దగ్గరికి గనక నిశ్చింత. నీకు చదువు చెప్పిన చేత్తోనే దానికీ చెప్పాను, మిగిలింది నువ్వు చెబుదువుగాని. వైశాఖంలో ముహూర్తం చూడమని సిద్ధాంతిగారికి చెప్పాను. బావగారికీ అత్తయ్యగారికీ మా సమ్మతి తెలియజేయి.

నవల విషయం. అయిదో ప్రకరణం నువ్వు చెప్పినట్టే మూడుసార్లు చదివాను. బాగుంది. అయితే కోపం తెచ్చుకోకు, అందులో రెండు లోపాలు ఉన్నాయి. ఒకటి, అలవాటు పడ్డ దీమం కూయడం మానదు. అది ప్రకృతికి విరుద్ధం. రెండు, పుల్లతో పొడవడం చదివేవాడికి బాధ కలిగిస్తుంది, దాని వల్ల ప్రయోజనం లేదు. అందుకని ముగింపు కొంచెం దిద్దాను. గూట్లో పిట్ట తీయగా కూస్తుంది, పిల్ల పిట్ట వచ్చి దాని పక్కన వాలుతుంది, రెండూ ఒక గూట్లో కబుర్లు చెప్పుకుంటూ సుఖంగా ఉంటాయి. వేటగాడు కూడా మంచివాడైపోతాడు. మనింట్లో జరగబోయే శుభకార్యానికి సరిగ్గా సరిపోయింది! మా స్నేహితుడి మాసపత్రికలో వచ్చే నెల అచ్చు వేస్తారు. రచయిత్రి పేరు 'ఒక కులస్త్రీ' అని మాత్రమే ఉంటుంది.

చిన్నమ్మాయి మాత్రం నా ముగింపు ప్రతి రాయనని మొండికేసింది. 'అత్తయ్య రాసింది వేరు' అంటుంది. పెళ్ళికూతురు గదా అని ఏమీ అనలేదు.

సంతోషంలో ఉన్న నీ అన్న
బంగార్రాజు


చినగరువు,
మాఘ శుద్ధ తదియ

అన్నయ్యగారికి,

మీ సమ్మతి విని మా అత్తగారు వీధివీధికీ బెల్లం పంచిపెట్టించారు. మీ బావగారు చాలా సంతోషించారు. నేనూ సంతోషించానని రాస్తున్నాను.

ఇక పిట్ట సంగతి.

ఎవరు దిద్దమన్నారు మిమ్మల్ని? ఒక్క అక్షరం మార్చొద్దని రాశానా లేదా? మూడుసార్లు చదివారట! ముప్పైసార్లు చదివినా మీకు కళ్ళు అక్షరాల మీదే ఉంటాయి. బర్రెని మార్చమన్నారు, ఊరుకున్నాను. పశువులకి అందం లేదన్నారు, పడ్డాను. పిట్ట సుఖంగా ఉందని రాయడానికి మీరెవరు? ఆ గూడు ఎంత ఉంటుందో మీకు తెలుసా? అందులో రెండో పిట్ట ఎక్కడ పడుతుంది? వేటగాడు మంచివాడైపోయాడట. ఎప్పుడు? ఏ పేజీలో? అది నా నవల అన్నయ్యగారూ. అందులో ఆ పిట్ట కూయదు. చచ్చినా కూయదు. మీ పత్రికలో అది కూసినట్టు అచ్చయితే నేను మళ్ళీ కలం పట్టను.

దీమం కూయడం మానడం ప్రకృతికి విరుద్ధమని తేల్చేశారు. మీరు పుస్తకాలు చదువుకున్నవారు, పిట్టల గురించి మీకేం తెలుసు? ధవళేశ్వరం అవతల లంకల్లో పిట్టలు పట్టేవాళ్ళు ఉంటారని మా పాలేరు పనిమనిషితో చెప్పాడట. పడవ ఎక్కి వెళ్ళి వాళ్ళని అడగండి. దీమం ఎందుకు కూస్తుందో అడగండి. ఆ పిల్ల పిట్ట ఏమవుతుందో కూడా అడగండి. సిద్ధాంతిగారు ముహూర్తం పెట్టేలోగా ఈ ప్రకరణం తేలిపోవాలని నా పట్టు. పెళ్ళి పనుల్లో పడితే ఇంక నవలకి తీరిక ఉండదు గదా.

ఈ ఉత్తరంలో మర్యాద తప్పి ఉంటే క్షమించండి. తప్పిందని నాకు తెలుసు.

రామతులసి

(అడుగున: బావగారూ, ఒక పిట్ట గురించి ఇంత రాద్ధాంతం ఏంటండీ? ఈవిడ రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. ఆవిడ చెప్పినట్టే ఉంచెయ్యండి, పోతుంది. జగ్గరాజు)


రాజమహేంద్రవరం,
2-3-1898

నా చెల్లెలు రామతులసికి,

నువ్వు వెళ్ళమన్నావు, వెళ్ళాను. నిజం చెబుతున్నాను, నీ మాట తప్పని నిరూపించడానికే వెళ్ళాను.

ధవళేశ్వరం రేవులో పడవ ఎక్కి ఒక లంకలో దిగాను. చిట్టియ్య అని పిట్టలు పట్టే ముసలాయన ఉన్నాడు. చొక్కా తొడుక్కున్న వాణ్ణి చూసి జప్తుకి వచ్చిన కోర్టు అమీనా అనుకున్నాడు కాబోలు, ముందు గుడిసెలోకి తప్పుకున్నాడు. నవల కోసం అని చెప్పాను. అదేమిటో అతనికి తెలియలేదు గానీ నవ్వి, గూడు తెచ్చి చూపించాడు. నా రెండు అరచేతులు కలిపితే ఎంత ఉంటుందో అంత ఉంది.

"ఇది తన వాళ్ళని ఇలా మోసం చేస్తుందే, దీనికి జాలి ఉండదా?" అన్నాను.

"మోసం కాదండీ బాబూ," అన్నాడు. "దానికి ఉచ్చుల సంగతి తెలవదండి. ఒంటిగా ఉంటది గదండి, తోడు కోసం పిలుస్తదండి. తోడున్న పిట్ట కూయదండి. అందుకే ఒక్కదాన్నే పెంచుతామండి. ఎంత ఒంటిగా పెంచితే అంత బాగా కూస్తదండి."

"ఉచ్చుల సంగతి తెలిసిపోయి, ఎప్పుడైనా కూయడం మానేస్తుందా?"

"నూటికో కోటికో ఒకటి ఉంటదండి. పుల్లెట్టి పొడిచినా నోరిప్పదండి."

"అప్పుడు దాన్నేం చేస్తావు?"

"ఏం చేత్తామండి? కోసుకు తినడమేనండి. ఊరికే నూకలు దండగ గదండి."

రామతులసీ, నేను ఆ ఇసుకలో కూలబడిపోయాను. చిట్టియ్య కంగారు పడి నీళ్ళు తెచ్చాడు. ఎండ దెబ్బ అనుకున్నాడు. నీ ప్రకరణాలన్నీ జేబులో ఉన్నాయి. అక్కడే తీసి, మొదటి నుంచి చదివాను. బర్రె దగ్గర నుంచి చదివాను. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి పాఠాలు చెబుతున్నాను, చదవడం రానివాణ్ణని ఆ రోజు తెలిసింది.

నవల గురించి నా తీర్పు రాస్తున్నాను. అయిదో ప్రకరణం నువ్వు రాసిందే సరి. ఒక్క అక్షరం మారదు. నా ముగింపు చింపేశాను, అచ్చు కానివ్వలేదు. ఆ గుంపు వెనక్కి తిరిగి ఎగిరిపోయింది. పిల్ల పిట్ట కూడా వెళ్ళిపోయింది, క్షేమంగా ఉంది.

పెళ్ళి విషయం వేరే. జాతకాలు ఇప్పుడు చూపించాను. నాడీ దోషం ఉందని సిద్ధాంతిగారు అన్నారు. బావగారికీ అత్తయ్యగారికీ నా మొహం చూపించలేను. తప్పంతా నాదే, ముందే చూపించవలసింది. అందులో నీ దోషం ఏమీ లేదని వారు దయచేసి గ్రహించాలి. చిన్నమ్మాయికి అయిదో తరగతి పుస్తకాలు కొన్నాను.

చివరి ప్రకరణం ఇంకా రాలేదు. గూడు తలుపు తీసే ప్రకరణం ఒకటి రాయి. నువ్వు అది ఎప్పుడు రాస్తే అప్పుడు ఆ కాగితాలు తీసుకోవడానికి నేనే పడవ కట్టించుకుని చినగరువు వస్తాను. అర్ధరాత్రైనా సరే, వానైనా సరే. ఎవరేమన్నా పడతాను.

నీ అన్నని క్షమించు.

బంగార్రాజు


చినగరువు,
విలంబి సంవత్సరం, చైత్ర బహుళ సప్తమి

అన్నయ్యగారికి,

ఈ ఉత్తరం ఎవరూ చదవలేదు. నిజం. మీ జాబు వచ్చాక నాలుగు రోజులు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అయిదో రోజు నేను పచ్చళ్ళ గురించి మీకు ఒక చిన్న కార్డు రాసి మీ బావగారి ముందు పెట్టాను. ఆయన చూడకుండానే, "నాకెందుకు, పంపించుకో" అన్నారు. నా రాత వల్ల ఇక వాళ్ళకి లాభం లేదు, నష్టమూ లేదు. చంద్రరాజు తనే తీసుకెళ్ళి టపాలో వేస్తానన్నాడు. పదిహేడేళ్ళకి మొదటిసారి నా ఇష్టం వచ్చింది రాయొచ్చు. కలం పట్టుకుని పొద్దున్నంతా కూర్చున్నాను, ఏం రాయాలో తోచలేదు.

మీ మీద నాకు చాలా కోపం ఉండేది. మీ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను గనక మీకు మాత్రం అర్థమవుతుందనుకున్నాను. ఇప్పుడు కోపం లేదు. మీరు ఇసుకలో కూర్చుని చదివారన్న చోట ఏడ్చాను. చిన్నమ్మాయికి అయిదో తరగతి పుస్తకాలు కొన్నారన్న చోట ఇంకా ఏడ్చాను.

నన్ను ఎవరూ ఏమీ చేయలేదు. ఆ చిట్టియ్య చెప్పిన మాటకి మీరు భయపడి ఉంటారు. మీ బావగారు చెయ్యెత్తే మనిషి కారు. అత్తగారు మాత్రం, "మీ పుట్టింటి మాట ఇక ఈ ఇంట్లో వద్దు" అన్నారు. పుట్టింటికి పంపడం ఎలాగూ లేదు, మాట కూడా లేకుండా పోయింది. అంతే.

తలుపు తీసే ప్రకరణం రాయమన్నారు. మీరు వస్తారు, నాకు తెలుసు. కానీ నేను పడవ ఎక్కితే చంద్రరాజు ఏమవుతాడు? రేపటి నుంచి వాడు లేచిపోయిన దాని కొడుకు. వాడు మంచివాడు అన్నయ్యగారూ. ఈ గోడలు వాడు కట్టలేదు. ఆ ప్రకరణం నా చేత కాదు. నవల అయిదు ప్రకరణాలతోనే ఆగిపోయిందని మీ స్నేహితుడికి చెప్పండి.

మీకు ఒక సంగతి దాచాను. చిన్నమ్మాయిని అడగమని మొదటిసారి మా అత్తగారు అన్నప్పుడు నాకు భయం వేయలేదు. మూడు రోజులు సంతోషంతో నిద్ర పట్టలేదు. దాని మంచం ఎక్కడ వేయాలో కూడా అనుకున్నాను. నాలుగో రోజున గానీ బుద్ధి రాలేదు. మీరు నన్ను గొప్పదాన్ని చేసి ఎవరికీ చెప్పకండి.

ఇంకో కబురు. చంద్రరాజుకి వేరే సంబంధం కుదిరింది. ఉప్పాడ వైపు వాళ్ళు. పిల్ల పేరు బుల్లెమ్మ, తొమ్మిదేళ్ళు. ఈ వైశాఖంలోనే పెళ్ళి. తండ్రి పేరు కూడా నాకు సరిగా తెలియదు. తెలిసినా, పరాయి మగవాడికి మన ఇళ్ళలో ఆడది ఏమని ఉత్తరం రాస్తుంది? వాళ్ళకి నవల ఎవరు పంపుతారు?

నిన్న నా పెళ్ళినాటి పట్టు పరికిణీ పెట్టెలోంచి తీశాను. అడుగు కత్తిరించి, తొమ్మిదేళ్ళ పిల్లకి సరిపోయేలా కుడుతున్నాను. ఎవరూ కుట్టమని చెప్పలేదు. ఆ పిల్ల వస్తోందంటే నాకు సంతోషంగా ఉంది, అన్నయ్యగారూ. ఎంత వద్దనుకున్నా సంతోషంగానే ఉంది.

రామతులసి